మంగమ్మ నుంచి మంజరి దాకా: ప్రేమ, మోసం, సంతకం
(చిక్కడపల్లిలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కేసులు, చట్టాలు, కౌన్సెలింగ్ గురించి మాట్లాడుకునే ఈ వేదిక మీద నవలల గురించి మాట్లాడతానంటే కొందరు మిత్రులు ఆశ్చర్యపోయారు. కానీ మన దగ్గరకు వచ్చే స్త్రీలు మొదట చెప్పేది కేసు కాదు, కథే. "నన్ను ప్రేమించానన్నాడు, మోసం చేశాడు" అంటారు. ఆ కథను ఎలా వినాలో మనకు ఎవరు నేర్పారు? చాలావరకు నవలలూ సినిమాలే నేర్పాయి. అవి నేర్పిందాన్ని ఒకసారి పరీక్షించుకోవాలని నా ఉద్దేశం.

ఇందుకు ఈ ప్రాంతం తగిన చోటు. ఇటు త్యాగరాయ గానసభలో నాటకాలు, నృత్యాలు. అటు ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో సినిమా హాళ్ళు. మధ్యలో నగర కేంద్ర గ్రంథాలయం. 1990లలో నారాయణగూడలో చదువుకునే రోజుల్లో నేను ఈ వీధుల్లోనే నవలలు అద్దెకు తెచ్చుకుని చదివాను. సినిమా లోకం గురించిన నవల నా చేతిలో కనిపిస్తే మా అమ్మ ఒకటే మాట అనేది: "చదువు, చదువు. గడప దాటిన ఆడదాని గతి ఏమవుతుందో తెలుస్తుంది." అంటే ఆ నవలను ఆమె ఒక హెచ్చరికగా చదివింది. చాలా ఇళ్ళలో అలాగే చదివారు.

మూడు నవలలు తీసుకుంటాను. మొదటిది రావూరి భరద్వాజ "పాకుడురాళ్ళు". కృష్ణాపత్రికలో సీరియల్‌గా వచ్చి, 1978లో పుస్తకమైంది. రచయిత మొదట పెట్టిన పేరు "మాయ జలతారు". "పాకుడురాళ్ళు" అన్న పేరు శీలా వీర్రాజు పెట్టారు. పెద్ద చదువులు లేకుండా, ఆకాశవాణిలో పనిచేస్తూ రాసుకున్న భరద్వాజకు 2012 సంవత్సరపు జ్ఞానపీఠం వచ్చింది. నాటకాలాడే మంగమ్మ మంజరి అనే సినిమా తార కావడం ఇందులో కథ. రెండవది వంశీ "మహల్లో కోకిల". 1984లో వచ్చిన "సితార" సినిమాకు ఇదే ఆధారం. శిథిలమవుతున్న జమీందారీ ఇంట్లో కట్టుబాట్ల మధ్య పెరిగిన కోకిల ఒక వేషగాణ్ణి ప్రేమిస్తుంది. ఆ తర్వాత సితారగా వెండితెర మీదకు వస్తుంది. దాచుకున్న గతం పత్రికకెక్కుతుంది. మూడవది ఆర్.కె. నారాయణ్ ఇంగ్లీషులో 1958లో ప్రచురించిన "గైడ్". దేవదాసీ కుటుంబంలో పుట్టి ఎం.ఎ. చదివిన రోజీ, భర్త అడ్డుపెట్టిన నాట్యాన్ని రాజు అండతో మొదలుపెట్టి నళినిగా పేరు తెచ్చుకుంటుంది.

ముగ్గురికీ పేరు మారింది, గమనించారా? మంగమ్మ మంజరి, కోకిల సితార, రోజీ నళిని. కొత్త పేరు లేకుండా ఆ లోకంలోకి ప్రవేశం లేదు. పుట్టిన కులం, పేదరికం, పాత సంబంధాలు అన్నీ ఆ పేరు కింద దాచాలి. దాచమని చెప్పేది మార్కెట్టు. దాచినందుకు తర్వాత "మోసగత్తె" అనేది సమాజం. పురుషుడు పేరు మార్చుకుంటే కలం పేరు, రంగస్థల నామం అంటాం. స్త్రీ మార్చుకుంటే ఏం దాస్తోందని ఆరా తీస్తాం.

ఇక ప్రేమ సంగతి. ఈ నవలల్లో ప్రేమ ఒంటరిగా రాదు. అవకాశం, మేనేజరీ, లెక్కాపత్రం కూడా దాని వెంట వస్తాయి. "మన మధ్య కాగితాలెందుకు" అన్న మాటలో ప్రేమ ఉంటుంది, కానీ ఆ మాట వల్ల లాభం ఎవరికి? రోజీ నాట్యానికి వచ్చే డబ్బు రాజు చేతుల మీదుగా నడుస్తుంది. నగల వ్యవహారంలో ఆమె సంతకాన్ని అతనే ఫోర్జరీ చేస్తాడు. రాజు జైలుకు వెళ్ళింది ప్రేమలో మోసానికి కాదు, సంతకానికి. అది కూడా భర్త వైపు నుంచి కదిలిన కేసు. ఎవరి సంతకం దొంగిలించారో ఆమె ఫిర్యాది కాదు. పైగా లాయరు ఖర్చుల కోసం ఆమే నాట్యమాడాల్సి వచ్చింది. అయితే నవల చివరకు రోజీ కూలిపోదు. రాజు లేకుండానే మద్రాసులో నాట్యం కొనసాగిస్తుంది. మా అమ్మ చెప్పిన హెచ్చరికలో ఈ ముగింపు లేదు.

మంజరి విషయం ఇంకా కష్టం. ఆమె మోసపోతుంది, మోసం చేస్తుంది కూడా. తనను వాడుకున్నవాళ్ళను తానూ వాడుకుంటుంది. చాలామంది పాఠకులకు ఆమె మీద జాలి కలగదు. ఇక్కడే నాకు నా తప్పు గుర్తుకొస్తుంది.

పదేళ్ళ కిందట నేను పనిచేస్తున్న బృందం దగ్గరకు ఒక నృత్య కళాకారిణి వచ్చింది. ప్రోగ్రాములు ఇప్పిస్తానని, పెళ్ళి చేసుకుంటానని చెప్పిన మనిషి ఆమె ప్రదర్శనల డబ్బంతా తన ఖాతాలో వేసుకున్నాడు. మేం వివరాలు అడుగుతూ పోతే, ఆమెకు అంతకు ముందే పెళ్ళయిందని, ఆ సంగతి అతనికి చెప్పలేదని తేలింది. "ఇద్దరూ ఒకరినొకరు మోసం చేసుకున్నారు, ఇందులో మనమేం చేస్తాం" అన్నారు మాలో ఒకరు. మిగతావాళ్ళం ఊరుకున్నాం. నేనూ ఊరుకున్నాను. ఆమె మళ్ళీ రాలేదు. ఆమె అడిగింది తన కూలి డబ్బు. మేం విచారించింది ఆమె శీలం.

మచ్చలేని బాధితురాలు వస్తేనే నిలబడతామంటే, ఇక నిలబడడానికి ఎవరూ మిగలరు. అబద్ధం చెప్పిన స్త్రీకి కూడా వేతనం మీద హక్కుంటుంది. మంజరి మంచిదా కాదా అన్నది పాఠకుల చర్చ. ఆమె శ్రమను ఎవరు అనుభవించారన్నది మన ప్రశ్న.

చట్టం ఏమంటోంది? 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 69వ సెక్షను, నెరవేర్చే ఉద్దేశం లేకుండా పెళ్ళి వాగ్దానం చేసి, లేదా ఉద్యోగం, ప్రమోషన్ ఆశ చూపి లైంగిక సంబంధం పెట్టుకోవడాన్ని నేరంగా పరిగణించింది. పదేళ్ళ వరకు జైలు శిక్ష పడవచ్చు. దీని వల్ల కొందరికి మేలు జరగవచ్చు. కానీ ఈ సెక్షనుకు కనిపించేది లైంగిక సంబంధం దాకా వెళ్ళిన మోసమే. దొంగిలించిన సంతకం, ఎగ్గొట్టిన పారితోషికం, దగ్గర పెట్టుకుని బెదిరించే ఫోటోలు వేర్వేరు సెక్షన్ల కింద వెతుక్కోవాలి. "ప్రేమలో మోసపోయింది" అన్న ఒక్క వాక్యం రాసి ఊరుకుంటే అవన్నీ మరుగున పడిపోతాయి.

2013 నాటి పనిస్థలంలో లైంగిక వేధింపుల నిరోధక చట్టం కళారంగానికీ వర్తిస్తుంది. పదిమందికి తక్కువ పనిచేసే చోటైతే జిల్లా స్థాయి స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. మామూలుగా గడువు మూడు నెలలు. తగిన కారణం ఉంటే మరో మూడు నెలలు పొడిగించవచ్చు. ప్రేమ అనుకున్నది వేధింపని గ్రహించడానికి ఒక స్త్రీకి ఎంతకాలం పడుతుందో మనకు తెలుసు. ఈ గడువు ఎంత తక్కువో కూడా తెలుసు.

2018లో ఒక నటి ఫిలిం ఛాంబర్ ముందు నిరసన తెలిపినప్పుడు ముందుగా చర్చకు వచ్చింది ఆమె నడవడికే. మహిళా సంఘాల ఒత్తిడి తర్వాత 2019లో తెలంగాణ ప్రభుత్వం కమిటీ వేసింది. 2022లో నివేదిక అందింది. కేరళలో 2019 చివర అందిన హేమ కమిటీ నివేదిక ప్రజల ముందుకు రావడానికి 2024 ఆగస్టు దాకా పట్టింది. రాతపూర్వకమైన ఒప్పందాలు లేకుండా పనిచేయించడాన్ని ఆ నివేదిక ఎత్తి చూపింది. ఆ తర్వాతే ఇక్కడి నివేదికనూ బయటపెట్టమన్న గొంతులు గట్టిగా వినిపించాయి. నవల చెప్పింది కల్పన అని కొట్టిపారేస్తారు. నివేదిక చెప్పింది బీరువాలో పెడతారు.

ఈ సాయంత్రం అశోక్ నగర్ హాస్టళ్ళలో పరీక్షలకు చదువుకుంటున్న అమ్మాయిల ఫోన్లకు కూడా "మీ ముఖం కెమెరాకు బాగుంటుంది" అన్న సందేశాలు వస్తున్నాయి. వాళ్ళకు "ఆ లోకం చెడ్డది, పోవద్దు" అని చెబితే మనం మా అమ్మ మాటే చెప్పినట్టు. పొమ్మందాం. పోయేముందు కాగితం అడగమందాం.

మన ఫిర్యాదు పత్రంలో నాలుగు ప్రశ్నలు చేర్చాలని కోరుతున్నాను. ఒప్పందం ఎవరి పేరు మీద ఉంది? డబ్బు ఎవరి ఖాతాలో పడింది? ఫోటోలు, గుర్తింపు పత్రాలు ఎవరి దగ్గర ఉన్నాయి? ఎక్కడెక్కడ సంతకం చేయించుకున్నారు? "నీకు ఇంతకు ముందు ఎవరితో సంబంధం ఉంది?" అన్న ప్రశ్న ఏ రూపంలో ఉన్నా దాన్ని కొట్టివేయాలి. ఆ ప్రశ్న మేం అడిగాం. ఒక మనిషిని పోగొట్టుకున్నాం.

మీ అనుభవాలు చర్చలో చెప్పండి. సెలవు.