పోర్చుగీసు చర్చి: పాత పేరు, కొత్త కట్టడం



ముంబైలోని దాదర్‌లో "పోర్చుగీసు చర్చి ఎక్కడ?" అని అడిగితే ఎవరైనా దారి చూపిస్తారు. తీరా వెళ్ళి చూస్తే అక్కడున్నది పోర్చుగీసు కాలపు కట్టడం కాదు, కాంక్రీటుతో కట్టిన ఆధునిక చర్చి. మరి ఆ పేరెలా వచ్చింది?

1596లో పోర్చుగీసు ఫ్రాన్సిస్కన్ సన్యాసులు ఇక్కడ రక్షణమాత పేరిట చర్చి కట్టారు. పోర్చుగీసు భాషలో 'సాల్వసావ్' అంటే రక్షణ. 1661 నాటి వివాహ ఒప్పందంతో బొంబాయి ఆంగ్లేయులకు దక్కింది. పాలకులు మారినా జనం నోట పాత పేరు నిలిచిపోయింది.

ఇప్పుడున్న కట్టడం 1974-77 మధ్య వచ్చింది. రూపశిల్పి చార్లెస్ కొరియా. ఆయన 1930లో మన సికింద్రాబాద్‌లోనే పుట్టారు.

చర్చి అనగానే మనకు తోచేది ఒకే పొడవాటి హాలు. చలిదేశాల్లో అది సహజమే. ఉక్కపోసే ముంబైలో అందరినీ నాలుగు గోడల మధ్య కూర్చోబెట్టడం దేనికి? కొరియా హాలును విడగొట్టి, కప్పు ఉన్న గదులనూ ఆకాశం కనిపించే ముంగిళ్ళనూ ఒకదానితో ఒకటి కలిపారు. గదులపై పైకి సన్నబడే కాంక్రీటు కప్పులు వేశారు. వేడిగాలి తేలిక కనుక పైకి లేచి, కప్పు కొసనుంచి బయటికి పోతుంది. మీరు భౌతికశాస్త్రంలో చదివిన సూత్రమే ఇది! క్రీస్తు జ్ఞానస్నానం, ప్రజల మధ్య బోధ, మరణ పునరుత్థానాలు అనే మూడు ఘట్టాలు ఈ అమరికకు ఆధారం.

కాలం కూడా కలిసివచ్చింది. 1962-65లో జరిగిన రెండవ వాటికన్ మహాసభ తరువాత పూజ ప్రజల భాషల్లోకి వచ్చింది. గురువు ప్రజలకు అభిముఖంగా నిలబడి పూజ చేయడం వాడుక అయింది. భక్తులు చూసేవారుగా మిగలక పాల్గొనేవారు కావాలన్నది ఆ సభ ఆశయం.

అయితే పాత చర్చి పోవడం నష్టం కాదా? తప్పకుండా నష్టమే. పాత గోడ చెప్పగల సంగతులు కొన్నిటిని పుస్తకం చెప్పలేదు. కానీ కొత్తది కట్టక తప్పనప్పుడు పాతదానికి నకలు తీయాలా, నేటి మనుషులకూ ఇక్కడి ఎండకూ తగినట్టు కట్టాలా? దాదర్ చర్చి రెండో దారిని ఎంచుకుంది. అది సరైనదేనా? మీ తరగతిలో చర్చించండి.

అంతకుముందు ఒక పని చేయండి. మీ పేటలోని గుడికో, మసీదుకో, చర్చికో వెళ్ళండి. గాలి ఎటునుంచి వస్తోంది, జనం ఎక్కడ కూర్చుంటున్నారు, అక్కడ ఇదివరకు ఏముండేది అన్నవి పెద్దలను అడిగి రాసుకోండి. మీ పేట చరిత్రలో మొదటి పుట అదే అవుతుంది.