బియ్యం ఉన్నాయి, గ్యాసే లేదు

(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)



పాతికేళ్లకు పైగా పాఠాలు చెబుతున్నాను. బయటి తిండి మానండి, ఇంట్లో వండిందే తినండి అని పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. ఆ మాట చెప్పినంత తేలిక కాదని ఒక తల్లి నాకు నేర్పింది.

ఆమె కొడుకు మా బడిలో ఏడో తరగతి. మధ్యాహ్నం బడి భోజనం. రాత్రికి మాత్రం వారంలో మూడు నాలుగు రోజులు వీధి చివర బండి మీది ఫ్రైడ్ రైసే. తండ్రికి పని దొరికే రోజులు తగ్గాయని నాకు తెలుసు. అందుకే తల్లిని పిలిపించి, "ఈ కష్టకాలంలో బయటి తిండికి డబ్బులెందుకమ్మా?" అని కాస్త గట్టిగానే అడిగాను. ఆమె తల వంచుకుని, "బియ్యం ఉన్నాయి టీచర్. గ్యాసే లేదు" అంది.

నాకు నోట మాట రాలేదు.

2013 జాతీయ ఆహార భద్రతా చట్టం వల్ల చాలా పేద ఇళ్లకు మనిషికి నెలకు 5 కిలోల చొప్పున బియ్యం అందుతున్నాయి. కానీ పప్పు, నూనె కూడా కావాలి కదా, పొయ్యి వెలగాలి కదా! 14.2 కిలోల సిలిండర్‌కు డబ్బంతా ఒక్కసారే కట్టాలి. రోజుకూలీ చేతిలో అంత మొత్తం నిలవదు. బండి దగ్గరైతే చేతిలో ఉన్న కాస్త డబ్బుతోనే ఆ పూట గడుస్తుంది. నెల మీద లెక్కవేస్తే అదే ఖరీదు.

ఇంటి వంటే మేలు, సందేహం లేదు. రేషన్ బియ్యంలో గుప్పెడు మసూర్ పప్పు, ఉల్లిపాయ, పసుపు వేసి కుక్కర్ పెడితే అరగంటలో కిచిడీ తయారు. బియ్యంలోని మాంసకృత్తుల లోటును పప్పు తీరుస్తుంది. పక్కన చింతపండు ఖట్టా ఉంటే పిల్లలు మారు అడుగుతారు.

అందుకే దాతలకు నా విన్నపం. రంజాన్‌లో మీరిచ్చే రేషన్ కిట్లతో ఎన్నో ఇళ్లు గడుస్తున్నాయి. ఈసారి బియ్యం కాస్త తగ్గించి పప్పు, నూనె పెంచండి. నలుగురిలో కాకుండా విడిగా అడిగి తెలుసుకుని, అవసరమైన ఇంటికి సిలిండర్ తెప్పించండి. కుక్కర్ లేని ఇంటికి కుక్కర్ ఇవ్వండి, ఏళ్ల తరబడి ఉంటుంది. మిగతా పదకొండు నెలలూ ఆకలి ఉంటుందని మరవకండి.

మేం ఉపాధ్యాయులం నలుగురం కలిసి ఆ ఇంటికి సిలిండర్ తెప్పించాం. మరుసటి వారం ఆ అబ్బాయి నా దగ్గరికి వచ్చి, "రాత్రి అమ్మ కిచిడీ చేసింది టీచర్" అన్నాడు.

ఇంట్లో వండుకోండి అని చెప్పే ముందు, వండుకునే వీలుందా అని అడుగుదాం. సెలవు.