క్లారా షూమన్: పియానోయే ప్రాణంగా

పియానో విద్వాంసురాలు, స్వరకర్త క్లారా షూమన్ గురించి ఈ పూట చెప్పుకుందాం.

1819లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో పుట్టిన క్లారాకు తండ్రే గురువు. తొమ్మిదేళ్లకే ఆమె పెద్ద సభలో పియానో వాయించారు. పియానోకూ వాద్యబృందానికీ కలిపి తాను కూర్చిన కంచెర్టోను 1835లో, పదహారేళ్ల వయసులో, స్వరకర్త మెండెల్సన్ నిర్వహణలో వినిపించారు.

స్వరకర్త రాబర్ట్ షూమన్‌తో పెళ్లికి తండ్రి ససేమిరా అన్నారు. ఆ జంట కోర్టుకెళ్లి గెలిచి 1840లో పెళ్లి చేసుకుంది. వారికి ఎనిమిదిమంది పిల్లలు. 1856లో భర్త పోయాక సంసార భారమంతా క్లారాదే. దేశదేశాలు తిరిగి కచేరీలు చేసి ఇల్లు నడిపారు. సొంత రచన దాదాపు ఆగిపోయింది. భర్త సంగీతాన్ని మాత్రం ఊరూరా వినిపించారు.

ఎదుట స్వరలిపి లేకుండా, జ్ఞాపకం నుంచి వాయించే పద్ధతికి బాట వేసినవారిలో ఆమె ఒకరు. 1878 నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఎందరికో విద్య నేర్పారు. 1896లో కన్నుమూశారు. దాదాపు వందేళ్ల తర్వాత జర్మనీ 100 మార్కుల నోటుపై ఆమె బొమ్మ వేసింది.

వీలు చూసుకుని, 1846లో పియానో, వయొలిన్, చెల్లోల కోసం ఆమె కూర్చిన పియానో ట్రయో వినండి. ఇంటి బరువు మోస్తూనే ఆ చేతులు ఎంత గొప్ప సంగీతాన్ని సృష్టించాయో మీకే తెలుస్తుంది.