గాజుతొట్టిలో గ్రీష్మము



హిందూపురము సముద్రమట్టమునకు సుమారు 2000 అడుగుల యెత్తున నున్నది. పెనుకొండ మీదుగా రైలులో ధర్మవరము చేరునప్పటికి చాల దిగువకు వత్తుము. వైశాఖమాసమున నీ భేదమును ప్రయాణికుని చెమటయే చెప్పును.

కొన్ని వేసవుల క్రిందట మా మనుమని బంగారుచేపలు రెంటిని హిందూపురమునుండి ధర్మవరమునకు గొనిపోయితిమి. మూడవనాటి మధ్యాహ్నము అవి నీటిపైకి వచ్చి నోళ్లు తెరచుచు మూయుచుండెను. ఆకలి యని తలచి బాలుడు మేత వేసెను. పండితుడ ననిపించుకొన్న నేను అంతకంటె పెద్ద తప్పు చేసితిని. మంచుగడ్డలు తెచ్చి తొట్టిలో వైచితిని. సాయంకాలమునకు ఒక చేప వెల్లకిల బడెను. "నీళ్లు చల్లగానే ఉండాయి గదా తాతా, మరెందుకు సచ్చిపోయె?" అని వాడడిగెను. ఎన్నియో యేండ్లు పాఠములు చెప్పినవాడ నయ్యును నాడు బదులు చెప్పలేకపోతిని.

మన దేహమునకు దనదైన వేడిమి కలదు. చేపకో, నీటి వేడిమియే దేహపు వేడిమి. నీరు కాగినకొలది దాని దేహవ్యాపారము త్వరపడి ప్రాణవాయువు నెక్కువగా గోరును. కాని కాగిన నీరు ఆ వాయువును తక్కువగా నిలుపుకొనును: 20 డిగ్రీలయొద్ద లీటరునకు సుమారు 9 మిల్లీగ్రాములు, 30 డిగ్రీలయొద్ద ఏడున్నర. ఆదాయము తగ్గిననాడే వ్యయము పెరిగినట్లు! మేత జీర్ణమగుటకును, మిగిలినది కుళ్లుటకును మరికొంత వాయువు వ్యయమగును. నా మంచుగడ్డలు నీటిని ఒక్కుమ్మడి చల్లార్చి, అప్పటికే అలసిన ప్రాణిని మరింత కలతపెట్టినవి.

తగిన ఉపాయము మన యింటి మంటికుండలోనే యున్నది. ఒక గ్రాము నీరు ఆవిరి యగునపుడు సుమారు 580 కెలోరీల వేడిమిని గొనిపోవును. కుండవలె గాజు చెమర్చదు గనుక, తొట్టి మూత తీసి పలుచని వలగుడ్డ కట్టి, నీటిపై ఫ్యానుగాలి వీచునట్లు చేయవలయును. రెండు మూడు డిగ్రీలు మెల్లగా దిగును. అలలు రేగుటచే ప్రాణవాయువును చేరును. మన సీమలో గాలి పొడిది గనుక ఈ ఉపాయము చక్కగా పనిచేయును. సముద్రతీరమువారి కింత ఫలము దక్కదు. తరిగిన నీటిని ముందునాడు పట్టి నీడను నిలువయుంచిన నీటితో నింపవలయును. మిద్దెమీది ట్యాంకునీరు మాత్రము కూడదు. మధ్యాహ్న మది కాగియుండును. కరెంటు పోయినచో చెంబుతో నీరు ముంచి జానెడెత్తునుండి మరల పోయుచుండుడు. మంచు తప్పనిసరియైన సీసాలో బిగించి తేలనిండు. గంట కొక డిగ్రీకి మించి దిగరాదు.

చలికాలమున బంగారుచేపకు హీటరక్కరలేదు. గప్పీవంటి ఉష్ణదేశపు చేపలకు లీటరున కొక వాటు చొప్పున చాలును.

రెండవ చేప బ్రదికినది. దాని తొట్టి యిప్పుడు పడమటి కిటికీకి దూరముగా నున్నది. వేసవిలో ప్రతిదినము రెండుగంటలకు మనుమడు థర్మామీటరు చూచి క్యాలెండరుపై అంకె వేయుచున్నాడు.