విద్యాపీఠము – కర్మాగారము



ఖర్కయి నది వచ్చి సువర్ణరేఖలో కలియు దోముహాని సంగమము ఈ సోనారి పేట అంచుననే ఉన్నది. సువర్ణరేఖ ఇసుకను కడిగి బంగారు రేణువులను ఏరుకొని బ్రతుకు కుటుంబములు ఆ తీరమున తరతరములుగా కలవు. దినమంతయు నీటిలో నిలిచినవానికి దక్కునది గురివింద గింజ యెత్తైనను కాదు. దానిని కొని నగ చేయించి అమ్మువాని లాభము వేరు. విద్య విషయమునను ఇట్టి తారతమ్యమే కనబడుచున్నది. ఆచార్యుడు ఏండ్ల తరబడి శ్రమించి కనుగొన్న సత్యము పత్రికలో అచ్చయి గ్రంథాలయపు బీరువాకు చేరును. దానిని సరుకుగా మార్చి అంగడికి తెచ్చువాడు వేరొకడు, తరచుగా వేరొక దేశమువాడు. ఈ నడిమి దూరమును దాటించు బాధ్యత ఎవరిది? అందు కలుగు నష్టము ఎవరిది? నేటి ప్రసంగమునకు విషయము ఇదియే.

ఈ పట్టణమునకు పేరైన జంషెడ్జీ టాటా ఉక్కును, ఉన్నత విజ్ఞానవిద్యను కూడ తలపెట్టినవాడు. రెంటిలో ఏదియు ఆయన కన్నులార చూడలేదు, 1904లో స్వర్గస్థుడయ్యెను. ఉక్కు కంపెనీ 1907లో వెలసెను. బెంగుళూరి విజ్ఞాన సంస్థ 1909లో ఏర్పడెను. సాక్చీలో మొదటి ఉక్కు దిమ్మ 1912లో వెలువడెను. అయితే విద్యాపీఠము పరిశ్రమకు ఎట్లు తోడ్పడగలదో చూపు తొలి ఉదాహరణము ఉక్కులో గాక చందనములో దొరకుచున్నది. మైసూరు చందనపు చెక్క పూర్వము తైలము తీయుటకై జర్మనీకి పోవుచుండెను. 1914లో యుద్ధము రాగానే ఆ బేరము నిలిచెను. అపుడు బెంగుళూరి సంస్థలోని రసాయన శాస్త్రజ్ఞులు సడ్‌బరో, వాట్సన్ అనువారు తమ ప్రయోగశాలలోనే తైలమును దింపి చూపిరి. దివాను విశ్వేశ్వరయ్యగారి ప్రభుత్వము జంకక పెట్టుబడి పెట్టగా 1916లో తైల కర్మాగారము నెలకొనెను. మైసూరు చందనపు సబ్బు దాని వెంటనే వచ్చినది. ఇచ్చట ఆచార్యులకు సమస్య బజారునుండి వచ్చెను. సరుకునకు గిరాకి ముందే ఉండెను. నష్టము వచ్చిన భరించుటకు ఒక ప్రభుత్వము నిలిచెను. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినను కథ అడ్డము తిరుగును.

బర్మామైన్సులోని జాతీయ లోహశోధనాలయము చరిత్ర ఇందుకు సాక్ష్యము. 1946 నవంబరు 21వ తేదీన రాజాజీ దానికి శంకుస్థాపన చేసిరి. 1950 నవంబరు 26న నెహ్రూ జాతికి అంకితము చేసిరి. ఉక్కు కర్మాగారము చెంతనే శోధనాలయమును ఉంచిన దూరదృష్టిని మెచ్చుకొనవలసినదే. ఆ తొలి దశాబ్దములలో అచట చేపట్టిన పనులలో ఒకటి పొట్టి కొలిమి. కోకునకు పనికివచ్చు బొగ్గు మన దేశమున ఝరియా ప్రాంతమున తప్ప విస్తారముగా లేదు. ఎత్తైన కొలిమిలో ముడిసరుకు బరువునకు మెత్తని బొగ్గు నలిగి పిండియై గాలి దారిని మూసివేయును. కొలిమి ఎత్తు తగ్గించిన నాసి బొగ్గుతోడను ఇనుము కరగింపవచ్చునా యని పరీక్షించిరి. పరీక్షలు ఫలించినవి, విజ్ఞానము పెరిగినది. కాని నేటికిని మన పెద్ద ఉక్కు కర్మాగారములు ఎత్తైన కొలిమినే నమ్ముకొని, కోకు బొగ్గును పెక్కు ఓడలలో దిగుమతి చేసికొనుచున్నవి. నాసి బొగ్గు ప్రశ్నకు మరొక తీరు సమాధానము తెలుగునాటనే, పాల్వంచలో దొరకినది. ఐక్యరాజ్యసమితి తోడ్పాటుతో, సింగరేణి బొగ్గుతో స్పాంజి ఇనుము తీయు ప్రదర్శన కర్మాగారము అచట 1980లో పనికి దిగినది. పద్ధతి జర్మనీది. అయినను మొదటి నష్టమును భరించు పెద్దదిక్కు ఒకటి దొరకుటచేతనే అది సాగెను.

ఈ మొదటి నష్టము అను మాట దగ్గర కొంత నిలువవలెను. గాజుకుప్పెలో కిలో పదార్థము చేసిన పద్ధతి పీపాలో టన్ను చేయునపుడు అట్లే నడువదు. వేడి సమముగా అందదు, గొట్టములు తుప్పు పట్టును, మలినములు పేరుకొనును. కావున నడుమ ఒక మధ్యస్థాయి యంత్రశాల కావలెను. దీనికి ప్రయోగశాలకన్న ఎన్నో రెట్లు వ్యయమగును, లాభము మాత్రము రాదు. విశ్వవిద్యాలయము ఇది మా పని కాదనును. కంపెనీ ఇంకను రుజువు కాలేదనును. ప్రభుత్వము వైపు చూచినచో ఆడిటువారి అభ్యంతరము ఎదురగును: పది ప్రయత్నములలో ఎనిమిది విఫలమగుట పరిశోధనకు సహజధర్మము, దస్త్రమునకు మాత్రము అది ధనదుర్వినియోగము! టెండరులలో తక్కువ ధర చెప్పినవానికే పని ఇయ్యవలెనను నియమము మరియొక అడ్డు. కొత్త పద్ధతి మొదటి యేడు ఎన్నడును చవుక కాజాలదు. ప్రయోగశాలల పద్ధతులను పరిశ్రమలకు చేర్చుటకై ప్రభుత్వము 1953లోనే జాతీయ పరిశోధనాభివృద్ధి సంస్థను స్థాపించెను. లైసెన్సులు వ్రాయుట దానికి సాధ్యమైనది. నష్టమును పంచుకొనుట మాత్రము అంత సులభము కాలేదు.

ఈ చిక్కును మానవస్వభావము తెలిసి విప్పినవాడు తెలుగువాడగుట గర్వకారణము. గుంటూరు మండలములోని యలవర్రులో 1922లో జన్మించిన యలవర్తి నాయుడమ్మ 1958లో మదరాసు కేంద్ర చర్మ పరిశోధనాలయమునకు అధిపతి అయ్యెను. విశ్వవిద్యాలయపు చర్మసాంకేతిక విద్యార్థులు అచటనే చదువుచుండిరి. ఒకే ఆవరణలో విద్య, శోధన, వృత్తి కలిసి యుండవలెనని ఆయన సంకల్పము. తోళ్లను తంగేడు చెక్కతో ఊనుచుండిన వృత్తికారునికి వ్యాసము చదువు తీరికయు లేదు, ఇంగ్లీషును లేదు. అతని నమ్మకమును పొందవలెనన్న శాస్త్రజ్ఞుడు దుర్వాసన గల ఆ తొట్టి యొద్ద నిలువవలెను. నిలుచుటకు సిద్ధపడినవారినే నాయుడమ్మ తయారుచేసెను. తోళ్ల పని చేయువారిని సంఘము చూచిన చూపు మారుటకు సయితము ఇది కొంత తోడ్పడెను. సగము ఊనిన తోలునే ఎగుమతి చేయు దేశము 1973 తరువాత ప్రభుత్వ విధానము మారి పూర్తిగా తయారైన తోలు వైపు తిరిగినపుడు, ఆ మార్పునకు కావలసిన పనివారును పద్ధతులును సిద్ధముగా ఉండిరన్న, అది అంతకు పూర్వపు పదునైదేండ్ల కృషి ఫలము. ఆయన 1985 జూనులో కనిష్క విమానప్రమాదమున మరణించుట జాతికి తీరని లోటు.

సముద్రము దాటిన మరియొక తెలుగువాని ఉదంతము వేరు పాఠము నేర్పును. భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డు విశ్వవిద్యాలయము విడిచి 1940లో లెడర్లీ మందుల కంపెనీకి వెళ్లెను. ఆయన బృందము ఫోలికామ్లమును కృత్రిమముగా తయారుచేసి, దానిని ఎదిరించు పదార్థములను కూడ సృజించెను. బోస్టను శిశువైద్యశాలలో సిడ్నీ ఫార్బరు రక్తపు కాన్సరుతో బాధపడు పసివారికి వాటిని ఇచ్చి చూచెను. 1948లో కొందరు పిల్లలకు తాత్కాలికముగానైనను వ్యాధి తగ్గుట లోకమునకు వెల్లడి యాయెను. వైద్యశాలనుండి వార్త రాగా కంపెనీ కొత్త పదార్థము చేయుట, అది మరల వైద్యశాలకు పోవుట — ఈ రాకపోకలు లేనిచో మందు లేదు. సుబ్బారావు ఆ యేడే ఆగస్టులో కన్నుమూసెను.

ఇంత చెప్పిన పిమ్మట ఒక భయమును దాచరాదు. కంపెనీ సొమ్ము తిన్న ఆచార్యుడు కంపెనీకి గిట్టని ఫలితమును దాచవచ్చును. ఏండ్ల తరువాత గాని ఫలింపని శాస్త్రప్రశ్నలు అనాథలు కావచ్చును. ఈ భయము వట్టిది కాదు. ప్రజాధనముతో జరిగిన పరిశోధనకు పేటెంటు హక్కును విద్యాసంస్థకే ఇచ్చు చట్టము అమెరికాలో 1980లో వచ్చెను. అట్టి బిల్లు మన రాజ్యసభలో 2008లో ప్రవేశపెట్టబడి, ఆక్షేపణల నడుమ 2014లో ఉపసంహరింపబడినది. చట్టము లేకున్నను ఒప్పందములో రెండు షరతులు వ్రాసికొనవచ్చును: ఫలితము ఏదైనను నిర్ణీత కాలమున ప్రకటించు స్వేచ్ఛ ఆచార్యునికుండవలెను, రెండేండ్లలో వాడని పద్ధతి కంపెనీ చేతినుండి జారి ఇతరులకు దక్కవలెను. రెండవదియే ముఖ్యము. కొని మూలబెట్టుట వ్యాపారములో ఎరుగని విద్య కాదు.

శ్రీకాకుళము మొదలగు మండలములనుండి ఈ కొలుములకు వచ్చినవారి మనుమలు నేడు ఇంజనీర్లై ఈ పేటలలో ఉన్నారు. ఖర్కయి ఆవలి ఒడ్డున ఆదిత్యపురములో 1960లో స్థాపితమైన సాంకేతిక విద్యాలయమును, వందలాది చిన్న కర్మాగారములును పక్కపక్కనే ఉన్నవి. పెద్ద ఉక్కు కంపెనీకి సొంత శోధనశాల 1937నుండియు కలదు. హౌరా వంతెనకు కావలసిన గట్టి ఉక్కును అది సమకూర్చుకొనగలిగెను. చిన్న కర్మాగారము యజమానికి అట్టి అండ లేదు. అతని అచ్చులు ఏల పగులుచున్నవో, పాత ఎలక్ట్రానికు సామగ్రినుండి రాగిని చవుకగా ఎట్లు తీయవచ్చునో చెప్పగల విద్వాంసులు వంతెన ఈవలనే ఉన్నారు. ఒక్కొక్క విద్యార్థి చివరి యేడు వ్యాసమునకు ఒక్కొక్క కర్మాగారపు చిక్కును విషయముగా ఇచ్చి, యజమాని ముడిసరుకును, విద్యాలయము పరికరములను, ప్రభుత్వము విఫలమైన ప్రయోగముల ఖర్చును భరించునట్లు ముందుగా పది కర్మాగారములతో మొదలుపెట్టవచ్చును.