మూయబడిన తలుపు, తెరచిన ఇల్లు

మర్పల్లి, వికారాబాదు, తాండూరు ప్రాంతములలోని సంఘములను మనస్సులో ఉంచుకొని ఈ మాటలు చెప్పుచున్నాను.

మీ సంఘములో చక్కగా పాడు బిడ్డ ఒకతె ఉన్నదనుకొందము. ఇంటరు ముగిసినది. సంగీతమే చదువుతానంటున్నది. మర్పల్లిలో రైలెక్కి హైదరాబాదు పోయి పరీక్ష వ్రాయవలెను. సీట్లు కొద్ది, వచ్చువారు అనేకులు. సీటు రాకపోతే ఎట్లా అని తల్లికి దిగులు. పాట కూడు పెట్టునా అని తండ్రి ప్రశ్న. సంఘముగా మనమేమి చెప్పుదుము?

మొదటి దినవృత్తాంతముల గ్రంథము 25వ అధ్యాయము తెరవండి. దావీదు దినములలో దేవునికి గానము చేయుట నేర్చినవారు 288 మంది. వారి సేవకు వంతులు చీట్లు వేసి నిర్ణయించిరి. అక్కడ పిన్న పెద్ద, గురువు శిష్యుడు అను భేదము లేదు. గమనించండి, నేర్పు ముందు వచ్చెను, చీటి తరువాత వచ్చెను. చీటి మన చేతిలో లేదు. నేర్చుకొనుటకు కూర్చొనుట మన చేతిలో ఉన్నది.

ఆరాధనలో చెవితో విని పాడుట మంచిదే. అయితే పరీక్షించువారు శ్రుతి చూతురు, లయ చూతురు. సరళీ స్వరములు, జంట స్వరములు, అలంకారములు, గీతములు, వర్ణములు, కృతులు, ఈ వరుస ఎవరికిని తప్పదు. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము చూడండి. పాటకు పైన రాగము, తాళము ముద్రించియుందురు. పురుషోత్తమ చౌదరిగారి (1803-1890) వంటి భక్తులు కర్ణాటక రాగములలో కీర్తనలు కూర్చిరి. మనము ఆ రెండు మాటలను దాటి నేరుగా పల్లవికి పోవుచున్నాము. బిడ్డకు అక్కడనుండియే మొదలుపెట్టించండి. రాంకోఠిలోని శ్రీ త్యాగరాజ ప్రభుత్వ సంగీత కళాశాలయైనను, 1985లో స్థాపింపబడిన తెలుగు విశ్వవిద్యాలయమైనను, ఆ పునాదినే అడుగును.

ఇక తలుపు తెరువబడకపోతే? 1922లో పుట్టిన ఘంటసాల వేంకటేశ్వరరావుగారు చిన్నతనమందే తండ్రిని కోల్పోయిరి. చేతి ఉంగరము అమ్ముకొని విజయనగరము సంగీత కళాశాలకు చేరిరి. చూడగా వేసవి సెలవులు! పట్రాయని సీతారామశాస్త్రిగారు డబ్బు తీసుకొనక ఆయనకు పాఠము చెప్పిరి. ఆ బాలుడు మధుకరమెత్తి ఇంటింటి అన్నము తిని నేర్చెను. పిమ్మట అదే కళాశాలలో చదివి పట్టము పొందెను. కళాశాల తలుపు మూసియున్న దినములలో ఒక గురువు ఇల్లు తెరచియున్నది. పేరు తెలియని తల్లులు ముద్ద వేసిరి.

సంఘ పెద్దలారా, ఈ మాట మీకే. హార్మోనియము, స్వరము తెలిసినవారు వారమునకు రెండు సాయంత్రములు ఆ బిడ్డకు ఇవ్వగలరా? పట్నములో ఉన్న మన కుటుంబమొకటి పరీక్ష దినమున ఆమెకు భోజనము, పడక ఇవ్వగలదా? సీటు రాకపోయిన యెడల, అది దేవుని చిత్తము కాదని తొందరపడి ఆమెతో అనవద్దు. ఆ సంవత్సరపు చీటి మాత్రమే రాలేదు. వచ్చే సంవత్సరము వరకు ఆమెకు గురువు ఎవరు, తోడు ఎవరు అని అడగండి.

నేర్పించు మనస్సును ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.