సెలోపెహాదు కుమార్తెలు రెండోసారి ఎందుకు అడగాల్సి వచ్చింది?



సంఖ్యాకాండం 27వ అధ్యాయంలోని సంగతి మీలో చాలామందికి తెలుసు. సెలోపెహాదుకు కొడుకులు లేరు. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అనే అయిదుగురు కుమార్తెలు ప్రత్యక్షపు గుడారం ద్వారం దగ్గర నిలబడి, మోషే ఎదుట, యాజకుడైన ఎలియాజరు ఎదుట, సర్వసమాజం ఎదుట తండ్రి స్వాస్థ్యంలో తమకు భాగం అడిగారు. మోషే వారి మాటను దేవుని సన్నిధికి తీసుకువెళ్లాడు. వారు అడిగింది న్యాయమేనని దేవుడు చెప్పాడు. అదే ఇశ్రాయేలీయులకు చట్టమైంది.

మన ప్రసంగాలు సాధారణంగా ఇక్కడితో ఆగిపోతాయి. కానీ యెహోషువ 17వ అధ్యాయం తీసి చూడండి. మోషే చనిపోయాడు, కనానులో భూములు పంచుతున్నారు. ఆ అయిదుగురూ మళ్లీ వచ్చి నిలబడ్డారు. దేవుడు మోషేకు ఏమి ఆజ్ఞాపించాడో ఎలియాజరుకూ యెహోషువకూ గుర్తుచేశారు. అప్పుడు గానీ భాగం చేతికి రాలేదు. చట్టం ఉంది, అది సాక్షాత్తూ దేవుడు ఇచ్చిన చట్టం. అయినా రెండోసారి అడగాల్సి వచ్చింది. చట్టం వెంట నడిచి, అది ఆడపిల్ల ఇంటి గడప దాకా చేరిందో లేదో చూసే మనిషి కావాలి. ఈ రోజు మనం మాట్లాడుకునేది ఆ మనిషి గురించే.

అంబుడ్స్‌మన్ అనే మాట మీరు వినే ఉంటారు. బ్యాంకు మన ఫిర్యాదు పట్టించుకోకపోతే వెళ్లేది అక్కడికే. ఉపాధి హామీ పనుల్లో కూడా జిల్లాకు ఒకరు ఉండాలన్నారు. మాట స్వీడన్‌ది. అక్కడ 1809లోనే అధికారుల మీద ప్రజల ఫిర్యాదులు వినే పదవి పెట్టారు. స్త్రీ పురుష సమానత్వం కోసమే ప్రత్యేకంగా ఒక అంబుడ్స్‌పర్సన్‌ను ప్రపంచంలో మొదట నియమించిన దేశం నార్వే. 1978లో చట్టం చేశారు, 1979లో అది అమలులోకి వచ్చింది. ఆ పదవిలో మొదట కూర్చున్నది ఈవా కోల్‌స్టా అనే రాజకీయ నాయకురాలు.

ఆమె చేసిన పని పెద్ద వింతేమీ కాదు. జీతంలో తేడా చేశారనో, ఆడమనిషి అని ఉద్యోగం ఇవ్వలేదనో ఒకరు ఫిర్యాదు చేస్తే ఇరుపక్షాలనూ అడిగి తెలుసుకోవడం, చట్టం మీరారో లేదో చెప్పడం. వకీలు అక్కరలేదు. మగవాళ్లు కూడా ఫిర్యాదు చేయవచ్చు. మాట వినని కేసులను వేరే బోర్డు ముందు పెట్టేవారు. ఎవరూ ఫిర్యాదు చేయకపోయినా తానే కదిలే స్వేచ్ఛ కూడా ఆ పదవికి ఉంది. 2006లో దాన్ని ఇతర వివక్షలను కూడా చూసే కార్యాలయంలో కలిపారు. 2018 నుండి ఫిర్యాదుల మీద తీర్పు పని ట్రిబ్యునల్‌కు పోయింది. సలహా ఇవ్వడం, ప్రభుత్వాన్నీ సంస్థలనూ కనిపెట్టి ఉండడం అంబుడ్స్‌పర్సన్‌కు మిగిలాయి.

ఒక సంగతి మాత్రం క్రైస్తవులమైన మనం రెండుసార్లు చదవాలి. నార్వే ఆ చట్టాన్ని మొదట రాసినప్పుడు మతసంఘాల అంతర్గత వ్యవహారాలను మినహాయించింది. ఫ్యాక్టరీకి, బడికి, ఆఫీసుకు వెళ్లిన చట్టం చర్చి గుమ్మం దగ్గర ఆగింది!

మన దేశానికి వద్దాం. ఆ పేరుతో మనకు పదవి లేదు. దానికి దగ్గరగా ఉన్నది జాతీయ మహిళా కమిషన్. 1990 నాటి చట్టం ప్రకారం 1992 జనవరిలో ఏర్పడింది. మొదటి అధ్యక్షురాలు ఒడిశాకు చెందిన జయంతీ పట్నాయక్. తర్వాత 1998లో ఆమె బరంపురం నుండి లోక్‌సభకు వెళ్లారు కాబట్టి అక్కడి మన తెలుగువారికి ఆ పేరు కొత్త కాదు. ఒక అధ్యక్షురాలు, అయిదుగురు సభ్యులు, ఒక సభ్య కార్యదర్శి ఉంటారు. సభ్యులలో ఎస్సీల నుండి ఒకరు, ఎస్టీల నుండి ఒకరు తప్పక ఉండాలి. చట్టాలు అమలు కావడం లేదని ఫిర్యాదు వస్తే విచారించవచ్చు. పత్రికలో చదివినా తనంతట తాను కదలవచ్చు. దేశంలో ఎక్కడివారినైనా పిలిపించి ప్రమాణం మీద అడగడానికి సివిల్ కోర్టుకున్న అధికారం ఉంది.

శిక్షించే అధికారం మాత్రం లేదు. సిఫార్సు చేస్తుంది. ప్రభుత్వం దాన్ని ఒప్పుకోకపోతే కారణాలు పార్లమెంటు ముందు పెట్టాలి. పైగా సభ్యులను ఎంచేది కేంద్ర ప్రభుత్వమే, పదవి మూడేళ్లకు మించదు. ప్రభుత్వాన్ని ప్రశ్నించాల్సినవారిని ప్రభుత్వమే నియమించడం మాకు ఎప్పుడూ సమాధానకరంగా అనిపించలేదు.

సిఫార్సుకు ఎంత బలం ఉంటుందో మన సొంత చరిత్రే చెబుతుంది. 1869 నాటి విడాకుల చట్టంలో క్రైస్తవ భర్త భార్య వ్యభిచారం ఒక్కటి రుజువు చేస్తే చాలు. భార్య అయితే వ్యభిచారంతో పాటు క్రూరత్వమో, విడిచిపెట్టడమో కూడా రుజువు చేయాలి. ఇది మార్చాలని లా కమిషన్ 1983లో ప్రత్యేకంగా నివేదిక ఇచ్చింది. సవరణ వచ్చింది 2001లో. ఆ పద్దెనిమిదేళ్లలో దెబ్బలు తింటూ కాపురం చేసిన తల్లులు మన సంఘాల బెంచీల మీదే కూర్చున్నారు.

ఇక ఆస్తి. 1925 నాటి భారత వారసత్వ చట్టం మనకు వర్తిస్తుంది. తండ్రి వీలునామా రాయకుండా చనిపోతే తల్లికి మూడో వంతు, మిగతాది పిల్లలకు సమానంగా. కొడుకు, కూతురు అనే తేడా లేదు. మరి ముంబై చాల్లో ఉన్న గది, షోలాపూర్‌లో ఇల్లు, యానాంలో కొబ్బరితోట పంచుకునేటప్పుడు ఏం జరుగుతోంది? "పెళ్లికి ఇచ్చాం కదమ్మా, ఊరికే ఒక సంతకం" అని చెల్లెల్ని రిజిస్ట్రారు ఆఫీసుకు తీసుకువెళ్లి హక్కు విడుదల దస్తావేజు మీద సంతకం చేయిస్తారు. ఆ అన్న మరుసటి ఆదివారం కానుకల సంచి పట్టుకుని తిరుగుతాడు. మహలా, నోయాల కథ సండే స్కూల్లో చెబుతాం, సంతకం సంగతి ఎవరూ ఎత్తరు. ఆస్తి పంపకం తగాదాను మహిళా కమిషన్ తీర్చదు, దానికి కోర్టుకే వెళ్లాలి. అయితే 1987 నాటి న్యాయసేవల చట్టం కింద స్త్రీలకు, ఆదాయంతో పని లేకుండా, ఉచితంగా వకీలును ఇస్తారు. ఈ మాట తెలియక ఎంతమంది సంతకం పెట్టారో!

మనకు మరో చిక్కు ఉంది, భాష. కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్ర, పుదుచ్చేరి, అన్నిచోట్లా రాష్ట్ర స్థాయి మహిళా కమిషన్లు ఉన్నాయి. కానీ మూడు తరాలుగా అక్కడే ఉన్నా ఇంట్లో తెలుగు తప్ప మరోటి రాయడం రాని తల్లి మరాఠీలోనో ఒడియాలోనో తన దెబ్బల గురించి ఎలా రాస్తుంది? రాసిపెట్టమని భర్తనే అడుగుతుందా? పోలీస్ స్టేషన్లో ఆమె మాటను అనువదించేది చాలాసార్లు బావగారో మరిదో. నార్వేలాంటి పదవి రేపే ఢిల్లీలో వచ్చినా ఈ తల్లి గొంతు అక్కడికి చేరదు, మధ్యలో ఎవరో ఒకరు నిలబడకపోతే.

ఆ నిలబడేవారు మీరే అని మేము అంటున్నాం. డిగ్రీలు చదివారు, అక్కడి భాష బడిలో నేర్చుకున్నారు, ఫోన్లో టైపు చేయగలరు. ఆమె చెప్పింది చెప్పినట్టు రాయండి. తేదీలు అడిగి రాయండి. మీ అభిప్రాయం కలపకండి. ఆమె వద్దన్నచోట ఆగండి.

సంఘం లోపల కూడా పని ఉంది. 2013లో దక్షిణ ఇండియా సంఘం నంద్యాల డయాసిస్‌కు ఇ. పుష్పలలిత గారిని బిషప్‌గా ప్రతిష్ఠించింది. ఆ సంఘంలో మొదటి మహిళా బిషప్ మన తెలుగు సహోదరే. అదే సంవత్సరం పనిచోట లైంగిక వేధింపుల చట్టం కూడా వచ్చింది. పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి. మిషన్ ఆసుపత్రులూ బడులూ హాస్టళ్లూ దీనికి బయట కాదు. మీ తల్లి నర్సు అయితే, అక్క టీచరు అయితే, కమిటీలో ఎవరున్నారో ఈ వారం అడగండి. పేర్లు చెప్పలేకపోతే కమిటీ లేదని అర్థం. పదిమంది కంటే తక్కువ ఉన్నచోట, ఇళ్లలో పనిచేసే మన తల్లులకు కూడా, జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉండాలి. కలెక్టరు ఆఫీసులో అడిగితే చెప్పాలి.

ఇంటికి వెళ్లాక ఒక కాగితం మీద మహిళల సహాయ నంబరు 181, ఉచిత న్యాయసేవల నంబరు 15100, జాతీయ మహిళా కమిషన్ నంబరు 7827170170 తెలుగులోనూ మీ రాష్ట్ర భాషలోనూ రాసి సంఘం నోటీసు బోర్డు మీద అంటించండి. స్త్రీల కూడిక జరిగే గదిలో కూడా ఒకటి పెట్టండి. నోటీసు బోర్డు ముందు నిలబడి నంబరు రాసుకునే ధైర్యం అందరికీ ఉండదు. ఎవరైనా పెద్దలు ఆ కాగితం చింపేస్తే మాకు ఫోన్ చేయండి. గొడవ పడకండి, మేము వచ్చి వారితో కూర్చుని మాట్లాడతాం.